రాకీ ఇచ్చిన సర్టిఫికెట్

మా బామ్మర్దికి పిల్లలు ఇద్దరు, కుక్కలు రెండు. పిల్లలు అమెరికాలో ఉండిపోయారు కాబట్టి గారాబమంతా కుక్కల వాటాకే వచ్చింది. జర్మన్ షెపర్డు పేరు రాకీ, లాబ్రడార్ పేరు లూసీ. ఇంగ్లీషులో చెబితేనే కూర్చుంటాయి, ఇంగ్లీషులో చెబితేనే లేస్తాయి.

మా ఊరు పాతపట్నం చూడాలని అతనికి ఎన్నాళ్ళ నుంచో కోరిక. రైల్లో రమ్మన్నాను. కుక్క మన పక్కన కూర్చుని రావాలంటే ఫస్ట్ ఏసీలో కూపే అయినా, కేబిన్ అయినా మొత్తం మన పేర ఉండాలి. లేదంటే గార్డు పెట్టెలో కుక్కల కోసం ఉంచిన డబ్బాలో దాన్ని కుక్కాలి. అంత చేసినా నౌపడ దగ్గర దిగి గుణుపురం లైను ఎక్కాక ఫస్ట్ ఏసీ ఎక్కడిది? నా చిన్నప్పుడు ఆ లైను మీద పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన చిన్న రైలు తిరిగేది. కోళ్ళూ మేకలూ మనుషుల ఒళ్ళో కూర్చుని వచ్చేవి, ఎవరూ టికెట్టు అడిగేవారు కాదు. పెద్ద లైను కోసం 2004లో దాన్ని ఆపేశారు. ఆ భోగం కోళ్ళకీ పోయింది, కుక్కలకీ పోయింది.

"రాకీని డబ్బాలో వేస్తానా బావా?" అని బామ్మర్ది నొచ్చుకున్నాడు. నొచ్చుకుని ఊరుకోలేదు. పాత పదిహేడు సీట్ల వ్యాను ఒకటి కొని, సీట్లన్నీ పీకించి, రెండు పడకలు, గ్యాసు పొయ్యి, సింకు, చిన్న బాత్రూము, పైన ఏసీ పెట్టించాడు. ఎంతయిందో నాకు చెప్పాడు. వాళ్ళక్కకి చెప్పొద్దని కూడా చెప్పాడు.

మొన్న మార్గశిరంలో బయల్దేరాం. అతను, నేను, మా ఆవిడ, కుక్కలు. రాత్రికి పాతపట్నంలో మా పిన్ని ఇంట్లో మకాం. మర్నాడు ఏరు దాటి, పర్లాకిమిడి మీదుగా మహేంద్రగిరి. కొండ మీద పాండవుల పేర గుళ్ళున్నాయి. కుంతికొకటి, భీముడికొకటి, ధర్మరాజుకొకటి. "కుక్కని వదిలేసి స్వర్గానికి రానన్నవాడు ధర్మరాజు. ఆయన గుడికి వీటిని తీసుకెళ్ళకపోతే ఎలా?" అన్నాడు బామ్మర్ది.

పొద్దుగూకే వేళకి పిన్ని వాళ్ళ వీధిలో ఆగాం. ఇంజను ఆపామో లేదో, ఒక ముసలామె సంచీ పట్టుకుని వచ్చి నిలబడింది.

"బియ్యం బండి మళ్ళీ తిప్పుతన్నారేటి బాబూ?"

ఇంటింటికీ రేషను తెచ్చే బళ్ళు 2021 జనవరిలో మొదలై 2025 జూన్‌లో ఆగిపోయాయి. అంత పెద్ద బండి వచ్చి వీధిలో ఆగితే ఆమెకి అదే గుర్తుకొచ్చింది. ఇది బియ్యం బండి కాదు మామ్మా అన్నాను. "మరైతే లోపల పొయ్యెందుకు? వండి ఎడతారేటి?" అంది. జవాబు వెతుక్కుంటూండగానే ఒక పెద్దాయన మేకని ఈడ్చుకుంటూ వచ్చాడు.

"డాట్రు బాబు ఏరీ?"

2022 మేలో పశువుల అంబులెన్సులు వచ్చాయి. 1962కి ఫోను చేస్తే ఊళ్ళోకే వస్తాయి. ఈయన ఫోను చేశాడో లేదో తెలీదు గాని, బండి చూశాడు, కిటికీలోంచి నాలుకలు వేలాడేసుకుని చూస్తున్న రెండు కుక్కల్ని చూశాడు. ఇక ఆయనకి సందేహం లేదు. డాక్టరు లేడు, ఇది మా సొంత బండి అని బామ్మర్ది ఎంత చెప్పినా వినడే!

"కుక్కల్ని పరుపు మీద పడుకోబెట్టి సూస్తన్నారు. మా మేకనేటి, సూడరా?"

లూసీకని తెచ్చిన విటమిను మాత్రలు రెండు చేతిలో పెడితే గాని ఆయన కదల్లేదు.

కుక్కలు గడప దాటడానికి వీల్లేదంది పిన్ని. మనుషులు వ్యానులో పడుకోవడానికి అంతకన్నా వీల్లేదంది. "నా ఇల్లుండగా బండిలో తొంగుంతారేటి, నలుగురూ ఏటనుకుంతారు?" కాబట్టి మేం ఇంట్లో, అవి వ్యానులో. పిన్ని ఇంటి నిండా చుట్టాలు. మా ఆవిడ హ్యాండుబ్యాగు ఎక్కడ పెట్టాలా అని చూస్తూంటే బామ్మర్ది నవ్వాడు.

"వ్యానులో పై అరలో పెట్టక్కా. రాకీ ఉండగా లాకరెందుకు? మంచివాడెవడో చెడ్డవాడెవడో దానికి వాసనతోనే తెలిసిపోతుంది."

తన చేతి గడియారం కూడా తీసి అదే బ్యాగులో వేశాడు.

రాత్రి ప్రశాంతంగా గడిచింది. ఒక్క మొరుగు లేదు. పొద్దున్న వ్యాను తలుపు తీస్తే ముక్కులదిరాయి. ఎండు నెత్తళ్ళ కంపు. రాకీ, లూసీ పరుపుల మీద పొట్టలు బారజాపుకుని పడుకున్నాయి. కిలో తొమ్మిది వందల రూపాయల మేత గిన్నెల్లో పోస్తే మూతి కూడా పెట్టలేదు. నీళ్ళు పడలేదేమోనని బామ్మర్ది బెంగపడిపోయాడు. "మీ ఊరంతా ఇదే వాసనా బావా?" అని నన్ను దెప్పాడు. పిన్నికి కోపం వచ్చింది.

"మార్గశిరం లచ్చివారం నాడు మా ఇంటి సుట్టుపక్కల నీచెవుడు ముడతాడు? మీ కుక్కల కంపే గావాల!"

పోయే ముందు నీలమణి దుర్గమ్మకి దండం పెట్టుకుందామని గుడి దగ్గర ఆగాం. కుక్కలకి ఉక్క పోయకూడదని బామ్మర్ది ఇంజను ఆపలేదు, ఏసీ ఆపలేదు, తాళంచెవి బండికే వదిలేసి దిగాడు. ఫోన్లు కూడా లోపలే. మేం తిరిగి వచ్చేసరికి రాకీ డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసిన సంతోషంలో కిటికీ మీద కాళ్ళు వేసింది. కిటికీ పక్కనే తాళాల బటను. టక్కుమంది. అన్ని తలుపులూ ఒక్కసారి పడ్డాయి.

"ఓపెన్! రాకీ, ఓపెన్!" అని అరిచాడు బామ్మర్ది. కూర్చో, లే, కరచాలనం వరకే దాని చదువు. ఓపెన్ సిలబస్‌లో లేదు.

క్షణంలో జనం పోగయ్యారు. మాది సరిహద్దు ఊరు. మహేంద్రతనయకి ఇవతల పాతపట్నం, అవతల పర్లాకిమిడి. కాబట్టి సలహాలు తెలుగులో కొన్ని, ఒరియాలో కొన్ని వచ్చాయి. రాకీకి రెండూ రావు. ఒక మెకానిక్కు ఇనప స్కేలుతో వచ్చాడు. రాకీ పళ్ళన్నీ చూపించింది. స్కేలు అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. అద్దం పగలగొడదామని ఇంకొకడు రాయి తీశాడు. రాకీ కర్టెను చీల్చి పారేసింది. తాళం పడి గంట కావస్తున్నా, బామ్మర్ది మొహంలో ఒక మూల గర్వం.

"చూశావా బావా, ఈగని వాలనివ్వదు!"

అప్పుడొచ్చాడు ఒకాయన. గళ్ళ లుంగీ, తలకి తువ్వాలు. సైకిలు గోడకి ఆనించి, "జరగండి, జరగండి" అంటూ తిన్నగా వ్యాను వెనక్కి నడిచాడు. ఇంగ్లీషు లేదు, ఏమీ లేదు. "చుచ్చుచ్చూ" అన్నాడు. అంతే. రాకీ ముందు సీటు మీంచి ఎగిరి వెనక్కి పరిగెత్తింది. మొరుగు పోయి మూలుగు వచ్చింది, తోక ఆగడం లేదు. లూసీ అయితే వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళూ ఎత్తేసింది. ఆయన వంట గట్టు దగ్గరున్న చిన్న కిటికీకి కింది మూల అరచేత్తో ఒక్క చరుపు చరిచి, పైకెత్తాడు. తెరుచుకుంది. చెయ్యి లోపల పెట్టి వెనక తలుపు గడియ లాగాడు. అర నిమిషం పట్టలేదు.

"ఈ కిటికీ గడియ వదులు బాబూ. ఎవుడికైనా సూపించుకోండి" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. బామ్మర్ది కళ్ళు చెమర్చాయి. "చెప్పలేదూ! మంచి మనిషి దగ్గరికొస్తే మా రాకీ చూడు ఎలా అయిపోయిందో" అన్నాడు. నేను జేబులోంచి ఐదువందల నోటు తీసి ఆయన చేతిలో పెట్టబోయాను. రెండడుగులు వెనక్కి వేశాడు.

"వొద్దు బాబూ. మీకాడ ఇంకా తీసుకుంతే బాగోదు."

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "మా ఊరి మనిషంటే ఇలా ఉంటాడు! మీ హైదరాబాదులో అయితే తలుపు తీసినందుకు రెండు వేలు, మళ్ళీ వేసినందుకు ఇంకో వెయ్యి" అన్నాను. లక్ష్మివారం పూట చేతిలో డబ్బు చెయ్యి దాటలేదని మా ఆవిడ కూడా సంతోషించింది.

వంతెన దాటాం. పర్లాకిమిడి దాటాం. దారి పొడుగునా ఆయన గురించే మాట్లాడుకున్నాం. చదువు లేకపోయినా సంస్కారం చూడండి అంది మా ఆవిడ. వచ్చేటప్పుడు ఆయనకి ధోవతుల చాపు పెట్టాలన్నాడు బామ్మర్ది. కొండగాలి తగిలేసరికి మా ఆవిడ శాలువా కోసం పై అర తెరిచింది.

శాలువా ఉంది. బ్యాగు లేదు. అందులోని పద్దెనిమిది వేలూ లేవు, బామ్మర్ది గడియారమూ లేదు.

వ్యాను పక్కకి ఆపి అంతా వెతికాం. ఆఖరికి రాకీ పరుపు ఎత్తితే కింద నాలుగు నెత్తళ్ళ తలకాయలు దొరికాయి. బామ్మర్ది ఒకటి తీసి వాసన చూసి, మాట్లాడకుండా కింద పెట్టేశాడు. రాకీ వచ్చి దాన్ని కూడా తినేసింది.

చాలాసేపటికి మా ఆవిడే అంది.

"అతను 'ఇంకా' అన్నాడండీ."

అన్నాడు. ముగ్గురం విన్నాం. అర్థం కావడానికి ముప్ఫై కిలోమీటర్లు పట్టింది.