ఏడు దినముల రాజ్యము

మౌర్యులను జూన్ నెలలో సింహాసనమెక్కించి, దసరా సెలవులలోపల గుప్తులను దించివేసి, సంక్రాంతినాటికి కాకతీయులను ఓరుగల్లులో ముగించి, ఎండలు ముదరకమునుపే విజయనగరమును తళ్ళికోట యుద్ధములో ఓడించి పంపివేయుట నా వృత్తి. ముప్పది సంవత్సరములుగా ఏటేట తప్పకుండ ఇన్ని సామ్రాజ్యముల ఉత్థాన పతనములకు కారకుడనగుచున్న నాకు, పంచె మీద రాలిన సుద్దపొడి తప్ప కప్పముగా దక్కినది వేరొకటి లేదు.

పరీక్ష వ్రాయు పిల్లవానికి చరిత్ర మొత్తమునకు రాజొక్కడే. పేరు మారును, శకము మారును, రాజు మాత్రము మారడు. ఆతడు గొప్ప యోధుడు, పరిపాలనాదక్షుడు, కవిపండిత పోషకుడు, పరమత సహనము గలవాడు. అన్నింటినిమించి, బాటలకిరుప్రక్కల చెట్లు నాటించినవాడు. పాపము, అశోకుని నిమిత్తము నేర్చుకొన్న ఈ వాక్యమును మావాళ్ళు సముద్రగుప్తునకిచ్చిరి, హర్షునకిచ్చిరి, గణపతిదేవునకిచ్చిరి. ఒకడు గజనీ మహమ్మదునకు సైతము ఔదార్యముతో దానముచేసినాడు. పదునేడుమార్లు దండెత్తి వచ్చెనని వాచకము చెప్పుచున్నది గదా, అన్నిమార్లు రాకపోకలు సాగించువాడు త్రోవలో నీడకొరకు నాలుగు మొక్కలైనను నాటుకొనకుండునా యని వాని ఊహ కాబోలు. ఎఱ్ఱసిరాతో సున్న చుట్టబోయి, ఆ తర్కమునకు మెచ్చి, అరమార్కు వేసితిని.

పతనమున్నూ అంతే. బలహీనులైన వారసులు, సామంతుల తిరుగుబాట్లు, వట్టిపోయిన బొక్కసము, విదేశీయుల దండయాత్రలు అను నాలుగు కారణములతో మావాడు ఏ సామ్రాజ్యమునైనను ఒక్క పుటలో కూల్చగలడు. ఇది కేవలము పిల్లల బద్ధకమని చిరకాలము నమ్మి, బెత్తమునకు పని కల్పించుచుంటిని. ఆ నమ్మకమును చెడగొట్టినవాడు నాలుగవ ఫారములో మూడవ బల్లపై కూర్చుండు ఒక జట్కావాని కొడుకు.

ఆనాటి పాఠము గౌతమీపుత్ర శాతకర్ణి. తెలుగువానికి శాతవాహనుల పాఠము చెప్పునప్పుడు గొంతు దానంతటదే ఒక మెట్టు పైకెక్కును. శకులను, యవనులను, పహ్లవులను ఆ మహావీరుడు నిర్జించిన విధమును వర్ణించి, ఉత్తరీయము సవరించుకొని, “ఆతని గుఱ్ఱములు మూడు సముద్రముల నీరు త్రావినవి!” అని బల్ల చరచితిని. తరగతి అంతయు నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దములో మూడవ బల్లమీదనుండి ఒక చేయి లేచినది.

“గుర్రం ఉప్పునీళ్ళు తాగదండి మాస్టారూ.”

“అది అలంకారమురా, కూర్చో.”

“దాహంతో చచ్చిపోతున్నా మూతి పెట్టదండి. కావాలంటే మా నాన్ననడగండి.”

“నేను కల్పించి చెప్పినది కాదురా. నాసిక్ గుహలో శాసనమున్నది.”

“ఆ శాసనం ఎవరు వేయించారండి?”

చరిత్రకారునకు అసత్యమాడు హక్కు లేదు. ఆ శాసనము శాతకర్ణి మనుగడలో పుట్టినది కాదనియు, ఆతని కుమారుడగు పులుమావి పందొమ్మిదవ రాజ్యసంవత్సరమున, శాతకర్ణి తల్లియగు గౌతమీ బాలశ్రీ వ్రాయించినదనియు, కొంచెము మెల్లగానే, చెప్పితిని.

“ఓస్, వాళ్ళమ్మాండీ! మా అమ్మ కూడా నాకు లెక్కల్లో నూటికి నూరొస్తాయనే చెప్తుందండి ఊరంతా.”

ఆ దినమున బెత్తము చేతికి రాలేదు. వాని లెక్కల మార్కులు నాకు తెలిసినవే, నూటికి ఇరువదిరెండు.

ఇంటికి వచ్చి, శాసనముల సంపుటములు ముందు వేసికొని కూర్చుంటిని. అలహాబాదు స్తంభముపై హరిషేణుడు సముద్రగుప్తుని గూర్చి వ్రాసిన ప్రశస్తి చూడుడు: మన వేంగీ హస్తివర్మతోసహా దక్షిణాపథ రాజులనందరను పట్టెనట, వెంటనే విడిచెనట. అంత శ్రమపడి పట్టినవారిని ఊరక విడుచుటెందుకని మా జట్కావాని కొడుకు అడిగినచో హరిషేణుడేమి చెప్పియుండునో! చెట్లు నాటించిన సంగతియైనను తక్కువది కాదు. బాటలవెంట మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు చెట్లు నాటించితిమనియు, నూతులు త్రవ్వించితిమనియు అశోకుడు తానే చెక్కించుకొన్నాడు. ఆ ధర్మశాసనములు కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై నేటికిని ఉన్నవి. అనగా, ఆ వాక్యమును మొట్టమొదట జవాబుగా వ్రాసినవాడు సాక్షాత్తు మౌర్య చక్రవర్తియే. అక్కడి లఘుశాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, నాగలి తిరిగినట్లు సాగునని పండితులు వింతగా చెప్పుకొందురు. వెనుకబల్లవారి జవాబుపత్రములు ముప్పదియేండ్లు దిద్దిన నాకు అందులో విశేషమేమియు కానరాలేదు.

ఇక మన తూర్పు చాళుక్యుల తామ్రశాసనములు కంఠస్థవిద్యకు పరాకాష్ఠ. ఏ శాసనము విప్పినను అవే బిరుదులు, అదే గోత్రము, ఆ పిమ్మట కుబ్జవిష్ణువర్ధనుడు పదునెనిమిదేండ్లు, జయసింహుడు ముప్పదిమూడేండ్లు అని ఎక్కముల వరుస. తాత పేరు మనుమనికి పెట్టు మన ఇండ్లవలెనే విష్ణువర్ధనుని తరువాత విజయాదిత్యుడు, విజయాదిత్యుని తరువాత మరల విష్ణువర్ధనుడు. వీరిలో ఎవరు ఎవరో తేల్చుట నావల్లనే కాలేదు, పదునాలుగేండ్ల పిల్లవానివలన నగునా? నరేంద్రమృగరాజను బిరుదుగల రెండవ విజయాదిత్యుడు పన్నెండేండ్లలో నూటయెనిమిది యుద్ధములు చేసి, అన్ని శివాలయములు కట్టించెనని తరగతిలో చెప్పగా, మా జట్కావాని కొడుకు వ్రేళ్ళు మడచి, “ఏడాదికి తొమ్మిదండి. అయితే వరికోతలెప్పుడు కోశారండి?” అని అడిగినాడు. లెక్కలలో ఇరువదిరెండు వచ్చిన వానికి ఈ భాగహారము ఎటుల తెలిసెనో నేటికిని నాకు బోధపడలేదు.

ఆ వరుసలోనే కొక్కిలియని ఆరు మాసములు ఏలినవాడొకడు, ఇంద్రభట్టారకుడని ఏడు దినములు ఏలినవాడొకడు ఉన్నారు. ఇంద్రభట్టారకుడు జయసింహునకు తమ్ముడు. అన్న ముప్పదిమూడేండ్లు కూర్చున్న గద్దెపై తమ్మునకు వారము దినములే ప్రాప్తించినవి. కొన్ని శాసనములు ఆతనిని చెప్పనైనను చెప్పవు. తరగతిలో ఈ భాగము చదువునప్పుడు పిల్లలు నవ్వుదురు. నేను నవ్వను. నాకు కారణము కలదు.

ఒక వేసవిముందట హెడ్మాస్టరుగారు కుమార్తె వివాహమునకై వారము దినములు సెలవుపెట్టి, తాళముల గుత్తి నా చేతికిచ్చి వెళ్ళిరి. గంట కొట్టుటకు బంట్రోతు నా కనుసన్న చూచుచుండును. డ్రిల్లు మాస్టరు నమస్కారము చేయుచుండును. ఆ కుర్చీలో చేతులుండుటచేత మోచేతులు కూడ అధికారము రుచి చూచినవి. మొదటి రెండు దినములు రబ్బరు ముద్రలు వేయుటలో గడచిపోయినవి. మూడవ దినమున నాకు కీర్తికాంక్ష పుట్టినది. ముప్పదియేండ్లుగా నోట చెప్పుచున్నదానిని చేతితో చేయుదమని సంకల్పించి, గేటునుండి హాలువరకుగల బాటకిరుప్రక్కల వేపమొక్కలు నాటవలెనని ఆజ్ఞాపించితిని. పెద్దపిల్లలు ఉత్సాహముతో పలుగు పారలు తెచ్చి, ఆరవనాటి సాయంకాలమునకు ఇరువది గోతులు త్రవ్విరి. మొక్కలు తెత్తునన్న తోటమాలి ఏడవనాడు రాలేదు. ఎనిమిదవనాడు తెల్లవారకమున్నే, రైలు దిగి సైకిలుమీద సరాసరి వచ్చిన హెడ్మాస్టరుగారు, సైకిలుతోసహా మొదటి గోతిని దర్శించిరి.

తాళముల గుత్తి ఆనాడే తిరిగి ఇచ్చితిని. గోతులు మధ్యాహ్నమునకు పూడ్పబడినవి. ఆ విషయమై వారు నాతో ఒక్క మాటయు అనలేదు. అది మరింత బాధ.

ఆ యేటి చివరి పరీక్షలో, అలవాటుచొప్పున, “ఇంద్రభట్టారకుని గూర్చి లఘుటిప్పణి వ్రాయుము” అని రెండు మార్కుల ప్రశ్న ఇచ్చితిని. పత్రములు దిద్దుచుండగా ఒకదానిలో ఈ జవాబు కనబడినది. దస్తూరి ఎవరిదో వేరుగ చెప్పనక్కరలేదు.

“ఇంద్రభట్టారకుడు ఏడు దినములు రాజ్యము చేసెను. బాటకిరుప్రక్కల గోతులు త్రవ్వించెను. చెట్లు నాటించుటకు వ్యవధి చాలలేదు.”

రెండు మార్కులును వేసితిని.