ఎకరానికో ట్రాక్టరు

శంకర్‌పల్లి పక్కన ఎకరం కొన్న గచ్చిబౌలి సారుకి మూడు నెలలుగా నిద్ర లేదు. కొత్త ట్రాక్టరా, సెకండ్ హ్యాండా? 2025 సెప్టెంబరులో జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగగానే కొత్తదే అన్నారు. ధర విన్నాక పాతదాన్ని చూడబోయారు. రంగు నిన్నటిది, టైర్లు మొన్నటివి. గంటల మీటరు 800 దగ్గర బిగుసుకుంది. క్లచ్ పెడల్ మాత్రం అరిగి అరిగి అద్దంలా మెరుస్తోంది! (పెయింటు వేసినవాడు దాన్ని మరిచిపోయాడు పాపం.)

కాపలా తాత ఉండబట్టలేక అడిగాడు: "మామిడి మొక్కలు పోను మిగిలింది పది గుంటలు. కిరాయి ట్రాక్టరు గంటల దున్ని పోతది. మీకెందుకు సారూ?"

"ఫొటోలు దిగొద్దా?"

"గట్లయితె కొత్తదే కొనుండ్రి. మంచిగ మెరుస్తది."