విడిది సామగ్రి శాస్త్రం: పెనుకొండ ప్రకరణం

అవసరం లేని ప్రయాణానికి పట్టే సామాను అవసరమైన ప్రయాణానికి పట్టే సామానుకంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుందన్నది విడిది సామగ్రి శాస్త్రానికి మూలసూత్రం. దీన్ని నిరూపించడానికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాన్ని మించిన ప్రయోగశాల మరెక్కడా దొరకదు. చేరే చోటుకంటే సాగే దారే ముఖ్యమని నమ్మి, తిండీ పక్కా పొయ్యీ నీళ్లూ అన్నీ బండిలోనే పెట్టుకుని, లాడ్జి గడప తొక్కకుండా రోజుల తరబడి సాగించే మోటారు యాత్రను ఓవర్‌ల్యాండింగ్ అంటారు. ఆస్ట్రేలియాలో పశువుల మందలను వందల మైళ్లు తోలుకుపోయిన కాపరులతో మొదలైన ఈ విద్య, కాపరులనూ పశువులనూ వదిలించుకుని, ఇప్పుడు శుక్రవారం సాయంత్రం బెంగళూరులో బయలుదేరి, కొడికొండ చెక్‌పోస్టు దాటి, 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా పెనుకొండ కొండల నీడకు చేరుకుంటున్నది.

సామగ్రిలో అగ్రపీఠం పైకప్పు డేరాది. కారు నెత్తిన పెట్టెలా ముడుచుకుని ఉండి, బండి ఆగాక విచ్చుకుని, నిచ్చెన వేసుకుని ఎక్కి పడుకోవడానికి వీలిచ్చే ఈ గుడారం 50 నుంచి 70 కిలోల దాకా తూగుతుంది. నడిచే కారు పైకప్పు మోయగల బరువు చాలా బండ్లలో 75 కిలోల చుట్టుపక్కలేనని తయారీదారులు ఇచ్చే పుస్తకంలో అచ్చయి ఉంటుంది కనుక, ఆ పుస్తకాన్ని సామాన్లన్నిటికీ అడుగున సర్దడం ఆచారం. డేరా తర్వాతి స్థానం పన్నెండు వోల్టుల ఫ్రిజ్‌ది. ఫ్రిజ్ ఉన్నందువల్ల దానికి కరెంటిచ్చే బ్యాటరీ పెట్టె, బ్యాటరీ ఉన్నందువల్ల దాన్ని నింపే సౌరఫలకం, సౌరఫలకం ఉన్నందువల్ల దాన్ని ఎండలో పరిచి మనుషులు నీడలో కూర్చోవడానికి కారు పక్కన కట్టే పందిరి, ఒకదాని వెంట ఒకటి తప్పనిసరి అవుతాయి. ఇంత పరివారాన్ని కూడగట్టుకున్న ఫ్రిజ్‌లో చివరికి చేరేవి దారిలో దాబా దగ్గర కొన్న నీళ్ల సీసాలు. అవే సీసాలు అదే దాబాలో అంతకంటే చల్లగా దొరుకుతాయన్న సంగతి ఈ శాస్త్రంలో చర్చకు రాదు.

బండి ముందు బిగించే ఇనుప కమ్మీల చట్రాన్ని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే కూడదన్నది. అనుమతి లేని ఇరిడియం, తురాయా ఉపగ్రహ ఫోన్లు ఈ దేశంలో నిషిద్ధం. ఆపదలో సాయం పిలవడానికి అలాంటి ఫోను వెంట తెచ్చుకున్నవారికి ముందుగా కలిగే ఆపద పోలీసు స్టేషన్లో కలుగుతుంది. వీటన్నిటికంటే లోతుగా ఆలోచించదగిన వస్తువు స్నార్కెల్, అనగా నదులు దాటేటప్పుడు ఇంజనులోకి నీరు పోకుండా గాలిని బండి కప్పు ఎత్తునుంచి పీల్చుకునేలా అమర్చే గొట్టం. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వర్షం పడే ప్రాంతంగా పాఠ్యపుస్తకాలకెక్కిన ఉమ్మడి అనంతపురంలో, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కోసం రైతు మెడ నొప్పి పుట్టేలా పైకి చూసే చోట, ఈ గొట్టం నిజానికి దుమ్మునుంచి ఇంజనును కాపాడుతుందని విక్రేతలు సర్దిచెబుతారు. అయితే నీరు అసలు రాదని కాదు; 2021 నవంబరులో చిత్రావతి ఒక్కసారిగా పొంగినప్పుడు చెన్నేకొత్తపల్లి మండలంలో ఒక కారు వరదలో చిక్కుకోగా, అందులోని వారిని కాపాడబోయిన జేసీబీ సైతం నది మధ్యలో ఆగిపోవడంతో, మొత్తం 10 మందిని వాయుసేన హెలికాప్టరు పైకి లాగవలసి వచ్చింది. ఏళ్ల తరబడి ఇసుకగా పడి ఉండి, ఒక్క రాత్రిలో జేసీబీని కూడా నిలవనీయని ఏటికి గొట్టంతో జవాబు చెప్పవచ్చునని నమ్మేవారు, ఆ గొట్టానికి ఒక హెలికాప్టరును కూడా జతచేసుకోవడం మంచిది.

ఈ వాహనాల్లో కొన్ని పుట్టింటికే వస్తున్నాయన్నది మరో విశేషం. పెనుకొండ మండలం ఎర్రమంచిలో వెలసిన కియా కర్మాగారానికి ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం ఉంది. 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన సెల్టోస్ ఇక్కడి తొలి కాన్పు. ఎర్రమంచి నుంచి ఏ బరువూ లేకుండా బెంగళూరు వెళ్లిన కారు, ప్రకృతిని వెతుక్కుంటూ నెత్తిన డేరాతో ఎర్రమంచి పక్కకే తిరిగి రావడాన్ని సాహసయాత్ర అంటున్నారు.

సామాను సర్దుకుని పెనుకొండ రావడం కొత్త విద్యేమీ కాదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు విజయనగరం నుంచి 550కి పైగా ఏనుగుల మీద ధనరాశులను ఎత్తించి పెనుకొండ చేరాడని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. పైకప్పు బరువుల చర్చలో ఈ లెక్కను ఎవరూ ఉటంకించకపోవడం విచారకరం. అంతకు 45 ఏళ్ల ముందు కృష్ణదేవరాయల సేన రాయచూరు మీదికి నడిచినప్పటి విడిదిని వర్ణించిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, అది అంగళ్లూ వీధులతో నగరంలా ఉండేదనీ, రాజు డేరా చుట్టూ ఒకే ద్వారం ఉన్న ముళ్లకంచె వేసేవారనీ, వెంట నీళ్లు తెచ్చేవారు లేనివారి కోసం పది పన్నెండు వేలమంది తోలుతిత్తులతో దారిపొడవునా నీరు అందించేవారనీ రాశాడు. రాజ్యాలేలినవారు ముందు నీళ్ల సంగతి చూసుకున్నారనడానికి ఇది సాక్ష్యం. నీళ్లు చూసుకోలేని కాలానికి సాక్ష్యం థామస్ మన్రో: 1800లో నిజాం ఇచ్చివేసిన దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, ఏళ్ల తరబడి డేరాల్లోనే కాపురముండి ఊరూరా శిస్తు లెక్కలు తేల్చిన ఆయన, 1827 జూలైలో మద్రాసు గవర్నరు హోదాలో పర్యటిస్తూ పత్తికొండ దగ్గర కలరాతో కన్నుమూశాడు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని అప్పటికి గవర్నరుకే కాదు, గవర్నరు వైద్యులకూ తెలియదు.

అందుచేత ఈ జాబితాలో నిజంగా పనికొచ్చే వస్తువు నీరు. దురదృష్టవశాత్తు సాహసికులు ఎక్కువగా పొరపడేదీ దానిలోనే. ఈ ప్రాంతపు భూగర్భజలాల్లో ఫ్లోరైడు చాలాచోట్ల మోతాదు మించి ఉంటుంది. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకానికి కారణాల్లో అదీ ఒకటి. యాత్రికులు మెడలో వేలాడదీసుకునే వడపోత గొట్టం సన్నని పోగుల గుండా నీటిని లాగి క్రిములను ఆపగలదు గాని నీటిలో కరిగిన ఫ్లోరైడును ఆపలేదు. మరగబెడితే నీరు ఆవిరవుతుంది గాని ఫ్లోరైడు ఆవిరి కాదు. పొలంలో బోరు కనబడగానే గొట్టం ముంచి పీల్చి, అడవిలో బతకడం వచ్చేసిందని సంబరపడేవారికంటే, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను మోసుకుంటూ వీధి దాటుతున్న హిందూపురం గృహిణి ఈ శాస్త్రంలో పెద్ద పండితురాలు.

తిండి విషయంలో శాస్త్రం మరీ ముదిరింది. నీటిని పూర్తిగా పీల్చివేసి రేకు సంచిలో మూసిన బిర్యానీ అనే పదార్థం, వేడినీళ్లు పోసి పావుగంట ఆగితే తినదగినదవుతుందని సంచి మీద రాసి ఉంటుంది. అదే హిందూపురం అంగట్లో బొరుగులు దొరుకుతాయి: మూటెడు ఎత్తుకున్నా పిల్లవాడి భుజం నొప్పి పుట్టదు, నెలరోజులైనా గాలి తగలకపోతే మెత్తబడవు, మరిగే నీళ్లు కూడా అక్కర్లేదు. చన్నీళ్లలో ముంచి, పిడికిట పిండి, ఉల్లిపాయా పచ్చిమిరపా వేగిన తాళింపులో పసుపుతో కలిపి, పైన పప్పులపొడి చల్లి, నిమ్మకాయ పిండితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ ఉంటే అనంతపురం మనిషి ఆ పూటకు ప్రభుత్వాన్ని కూడా క్షమిస్తాడు. రేకు సంచి మీద ఉన్న ధరకు ఒక వీధికంతటికీ ఉగ్గాని పెట్టవచ్చు గనుక, నిపుణుల జాబితాల్లో బొరుగులకు చోటు లేదు.

ఇక ఈ కొండల కింద ఓవర్‌ల్యాండింగ్‌ను అసలు అర్థంలో, అంటే మందతో సహా, ఇప్పటికీ సాగిస్తున్నవారు కురుబ గొర్రెల కాపరులు. మేత తగ్గగానే మందను తోలుకుని కోతలైన పొలాలను వెతుక్కుంటూ నెలల తరబడి వలసపోయే కాపరి సామగ్రి ఇంతే: చేతికర్ర, రాగిపిండి మూట, సంగటి గిన్నె, మంద చుట్టూ కట్టే వల, ఒక కంబళి. ముతక ఉన్నిని నేసి, చింతగింజల గంజి పట్టించి బిరుసెక్కించిన ఆ కంబళి, ఒక మూల మడిచి తలమీద వేసుకుంటే వానకు గొడుగు, పరిస్తే పక్క, కప్పుకుంటే దుప్పటి, రెండు కర్రల మీద వేస్తే నీడ. ఈ నాలుగు పనులకూ నాలుగు వేర్వేరు వస్తువులను నాలుగు వేర్వేరు సంచుల్లో అమ్మే దుకాణదారుడికి ఇది వ్యాపార విరుద్ధమైన వస్తువు. రాత్రికి కంప కొట్టి మంద చుట్టూ వేయడం చూస్తే, రాయలవారి డేరాకూ గొర్రెల దొడ్డికీ రక్షణశాఖ ఒకటేనని తేలుతుంది. తేడా ఒక్క ఆర్థిక వ్యవహారంలోనే ఉంది: రాత్రంతా మంద తన పొలంలో పడుకుంటే పేడా పంచితమూ ఎరువవుతాయి గనుక, రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చి మంద కట్టించుకుంటాడు. ఆరుబయట పడుకున్నందుకు ఎదురు కూలి పుచ్చుకునేవాడిని చదువురానివాడనీ, అదే పనికి రాత్రికి వేలు కట్టేవాడిని సాహసికుడనీ లోకం అంటుంది.

క్యాంపు విద్యలో అత్యంత అభివృద్ధి చెందిన శాఖను విస్మరిస్తే అపచారమవుతుంది. మునిసిపల్ పీఠం కోసం ఓటింగు జరగబోయే వారంలో కౌన్సిలర్లను బస్సెక్కించి, ఫోన్లు తీసుకుని, పొరుగు రాష్ట్రపు రిసార్టులో దింపే రాజకీయ క్యాంపుకు డేరా అక్కర్లేదు, దిక్సూచి అసలే అక్కర్లేదు. ఎవరెక్కడున్నారో ఎవరికీ తెలియకపోవడమే ఆ యాత్రకు ఆయువుపట్టు. పార్టీలు మారినా పద్ధతి మారని కళ ఇదొక్కటే.

సామాన్లు అతి తక్కువగా సర్దేవారు మాత్రం ఈ కాలమ్‌లో ఇంతవరకు రాలేదు. వాన మొహం చాటేసిన ఏడాది ధర్మవరం జంక్షన్లోనో, హిందూపురం స్టేషన్లోనో బెంగళూరు రైలు కోసం కూర్చునే కూలి కుటుంబాల దగ్గర కడిగి కుట్టిన యూరియా సంచి ఒకటి, రాగిపిండి, కారంపొడి, చింతపండు, ప్లాస్టిక్ బిందె, చుట్టచుట్టిన నీలం పట్ట ఉంటాయి. ఆ పట్టను నాలుగు గుంజలకు కట్టి, సగం లేచిన అపార్టుమెంటు పక్కన వారు నెలలు గడుపుతారు. అపార్టుమెంటు పూర్తయ్యాక అందులో దిగినవారు పైకప్పు డేరా కొనుక్కుని ఆరుబయలు వెతుక్కుంటూ పెనుకొండ వస్తారు. రెండు విడుదులకూ దారి ఒకటే, దిశలు వేరు. మొదటిదాన్ని సర్కారు కాగితాలు వలస అంటాయి, రెండోదాన్ని పర్యాటకం అంటాయి.

ఈ వారాంతం బయలుదేరేవారు ఏం తెచ్చుకున్నా అభ్యంతరం లేదు గాని, అగ్గిపెట్టెను మాత్రం కొండ కిందే వదిలి రావాలి. ఎండాకాలంలో ఈ కొండల మీది బోదగడ్డి ఒక్క నిప్పురవ్వకు రాత్రంతా తగలబడుతుంది, ఆ గడ్డి గొర్రెలకు మేత. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం చట్టప్రకారం నేరం, చలిమంటకు మినహాయింపు లేదు.