లేబుల్ లేని సరుకు

శంషాబాద్ విమానాశ్రయం దగ్గరి మంఖాల్ పారిశ్రామికవాడ నుంచి తలెత్తితే కనిపించే విమానానికి ఓ అదృష్టం ఉంది. ఎంత వేడి దాకా అది పనిచేయాలో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఎండ 48 డిగ్రీలు దాటుతుందనగానే పదుల కొద్దీ చిన్న విమానాలను ఆపేశారు. రాత్రి తాగొచ్చావా అని ఏ విమానాన్నీ ఎవరూ అడగలేదు.

శంషాబాద్ కార్గోలో మందులకు ప్రత్యేకంగా ఫార్మా జోన్ ఉంది. టీకా డబ్బా 2 నుంచి 8 డిగ్రీల మధ్య దర్జాగా ప్రయాణిస్తుంది. హద్దు దాటితే ఎవరో ఒకరు సంజాయిషీ రాసుకోవాలి. ఆ డబ్బాలు మోసే కూలీ ఒంటి మీద ఏ లేబులూ ఉండదు.

మే నెల, రేకుల షెడ్డు. బిహార్ నుంచో ఒడిశా నుంచో నిన్ననే దిగిన కుర్రాడు కళ్లు తిరిగి పడ్డాడనుకోండి, డాక్టర్లకు కొరతేం ఉండదు. పొద్దున తినకుండా వచ్చాడంటాడు మేస్త్రీ. రాత్రిది దిగలేదంటాడు సూపర్‌వైజర్. ఫిట్సేమోనని వాచ్‌మన్ తాళంచెవి చేతిలో కుక్కుతాడు. నాటకాలంటాడు కాంట్రాక్టర్, ఫోన్లోనే నాడి చూసి. వడదెబ్బ అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాదు. అంటే షెడ్డు సంగతి మాట్లాడాలి మరి!

తలనొప్పి, వాంతులు, నీరసం, పిక్కలు పట్టేయడం తొలి హెచ్చరికలు. అప్పుడే నీడ, ఓఆర్ఎస్, విశ్రాంతి ఇస్తే మనిషి తేరుకుంటాడు. మాట తడబడి, తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంటే లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మెదడును పట్టిందనుకోవాలి. చెమట పడుతోందిగా అని కొట్టిపారేయకండి, పనిచేస్తూ పడినవాడికి చెమట పడుతూనే ఉండొచ్చు. చూడ్డానికి తాగినవాడిలాగే ఉంటాడు. సూపర్‌వైజర్ గారి వైద్యశాస్త్రమంతా ఆ ఒక్క పోలిక మీదే నిలబడింది.

108కి ఫోన్ కొట్టి గేటు దగ్గర చేతులు కట్టుకు నిలబడటం వైద్యం కాదు. బండి వచ్చేలోపే ఒళ్లు చల్లబరచాలి. నీడకు లాగి, బట్టలు తీసి, ఒళ్లంతా నీళ్లు కుమ్మరించి, ఫ్యాను తిప్పండి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. తొట్టి ఉంటే తల పట్టుకుని మెడ దాకా నీళ్లలో ఉంచడం ఇంకా మేలు. అరగంటలో వేడి దిగితే బతికే అవకాశం ఎక్కువ. స్పృహ లేనివాడి నోట్లో మజ్జిగ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు. స్లాబు పగలకుండా ట్యాంకర్ తెప్పించి తడిపే పెద్దమనుషులకు ఇక్కడ రెండు బకెట్ల నీళ్లు దొరకవా?

చట్టం లేదనుకునేరు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వేసవిలో తాగునీరు చల్లబరచమంది, పనివాళ్లు 250 మంది దాటితేనే. 250 దాకా దాహాలు గోరువెచ్చటి నీళ్లతో తీరాయన్నమాట. ఇక ఏటా వచ్చే ప్రకటన ఉండనే ఉంది: మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి రాకండి. రాకపోతే ఆ రోజు కూలీ ఎవరిస్తారో అందులో ఉండదు. జగిత్యాల కుర్రాడు ఖతర్‌లో ఉంటే జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో పని నిషిద్ధం (అమలు సంగతి అక్కడి కూలీలే చెప్పాలి). తిరిగొచ్చి మంఖాల్‌లో చేరితే ఆ పాటి కాగితం కూడా లేదు.

2015 వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో సుమారు రెండువేల మంది పోయారు. పదేళ్లు ఆలోచించి, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ వడదెబ్బను విపత్తుగా గుర్తించింది. చనిపోతే కుటుంబానికి 4 లక్షలు. మంచిదే. కానీ ఆ డబ్బు రావాలన్నా ముందు చావు వడదెబ్బదేనని తేలాలి, మేస్త్రీ గారేమో ఇంకా ‘తినకుండా వచ్చాడు’ దగ్గరే ఉన్నారు.

ఫ్యాక్టరీ యజమానులారా, మే వచ్చేలోపు షెడ్డు గోడ మీద ఒక్క అంకె రాయించండి: ఎన్ని డిగ్రీల దగ్గర కూలీ కోయకుండా పని ఆపుతారో.