ఎడమకాలి ఆట

2025 మే 31 రాత్రి హన్మకొండలో మా డాబా మీద ఎవరూ పడుకోలేదు. పన్నెండున్నరకు మ్యూనిక్‌లో యూరప్ క్లబ్బుల ఫైనల్. మా మనవడూ వాడి దోస్తులూ ఒక్క ఫోను చుట్టూ మూగారు. పారిస్ జట్టు ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించింది. గోల్ పడ్డప్పుడల్లా వాడకట్టంతా లేచేట్టు కేకలు. నేనేదో అడగబోతే "తాతా, జెర ఆగు" అన్నాడు.

ఆట చూడొద్దని నేననను. రెండు గోల్స్ కొట్టిన దూయే అనే పిల్లవాడికి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. మా మనవడిదీ అదే ఈడు. తెల్లారి చాయ్ తాగుతూ అడిగాను, నువ్వు చివరిసారి బంతి తన్నింది ఎప్పుడురా అని. కాసేపు ఆలోచించి "ఎనిమిదో తరగతిల" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడటం లేదు.

మా రోజుల్లో, అంటే 1968, 69 ప్రాంతంలో, కాజీపేటలో రైల్వే పిల్లలం ఇరవై మందికి ఒకటే బంతి. తోలు బంతి, లోపల రబ్బరు బ్లాడరు, పైన లేసు. వానకు తడిస్తే బండలా బరువెక్కేది. లేసు ఉన్న వైపు తలకు తగిలిందా, నుదురు చీరుకుపోయేది. బ్లాడరు పంక్చరైతే సైకిల్ షాపుకు పట్టుకుపోయి అతుకు వేయించుకునేవాళ్లం. బూట్లు ఎవరికున్నాయి? ఉత్తకాళ్లే.

మాకు ఆట నేర్పింది లోకోషెడ్డులో పనిచేసే ఒక ఫైర్‌మన్. పగలంతా బొగ్గు ఎత్తిపోసి, సాయంత్రం మా కోసం వచ్చేవాడు. వారానికో రోజు "ఇయాళ కుడికాలు బంద్" అనేవాడు. కుడికాలితో తన్నితే ఫౌలే. ఇంకోరోజు బంతిని కాళ్ల దగ్గర ఆపుకోవడం బంద్, తగలగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇవి ఆయన సొంత ఆలోచనలు కావు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం పిల్లలకు పెట్టిన పోటీల పద్ధతి అది. బడిపంతులుగా మొదలైన మనిషి రహీం సాబ్. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది.

మా మనవడు చూసిన ఆ యూరప్ క్లబ్బుల పోటీ 1955లో మొదలైంది. మొదటి ఫైనల్ 1956 జూన్‌లో పారిస్‌లో జరిగింది. అదే ఏడాది చివర్న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడే ఆయన క్యాన్సర్‌తో పోయాడు. ఆ జకార్తా జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ వాడు. 1977లో పీలే కలకత్తా వచ్చినప్పుడు ఆయన జట్టు కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2గా నిలిచింది. ఆ రెండింట్లో ఒక గోల్ హైదరాబాదీ హబీబ్‌ది. ఆ వార్త ఉన్న పేపరు మా లోకోషెడ్డులో చేతులు మారీ మారీ చిరిగిపోయింది.

ఇవేవీ మావాడికి తెలియవు. సరే, పాతవి వదిలేద్దాం. 2016 నవంబరు 5న దోహాలో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ జరిగింది. ఆసియా క్లబ్బుల పోటీల్లో అది రెండో అంచెదే కావచ్చు. కానీ అందులో ఆడింది మన పక్క బెంగళూరు క్లబ్బు, ఆ మెట్టు దాకా వెళ్లిన మొదటి భారతీయ జట్టు అదే. కెప్టెన్ సునీల్ ఛెత్రి పుట్టింది మన సికింద్రాబాద్‌లో. సెమీఫైనల్లో మలేసియా జట్టు జొహర్‌ను 3-1తో కొట్టారు, రెండు గోల్స్ ఛెత్రివే. ఫైనల్లో ఇరాక్ వైమానిక దళం జట్టు ఒక్క గోల్‌తో గెలిచింది. మూడు రోజులకే పెద్ద నోట్లు రద్దయ్యాయి. బ్యాంకు ముందు లైనులో ఎంతసేపు నిలబడ్డామో అందరికీ గుర్తుంది. ఆ ఫైనల్ సంగతి అడిగితే మా వాడలో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ రాత్రి ఏ డాబా మీదా కేకలు వినపడలేదు.

మన హైదరాబాద్ క్లబ్బు 2022 మార్చిలో గోవాలో కేరళను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. ఎంత సంబరపడ్డానో! 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి పోయింది. ఊరంతా అడ్డం పడాల్సిన సంగతి అది. ఎవరూ పట్టించుకోలేదు.

తప్పంతా పిల్లలదే అనను. మేం ఆడిన జాగాల్లో ఒకటి ఫంక్షన్ హాలైంది. ఇంకొకదానికి గేటు, గేటుకు తాళం. ఇప్పుడు పచ్చ కార్పెట్టు పరిచి, చుట్టూ వల కట్టి, గంటకింత అని వసూలు చేస్తున్నారు. ఫైర్‌మన్ కొడుకు ఆ డబ్బు ఎక్కణ్నుంచి తెస్తాడు? మా పెద్దవాళ్లు మాకు జాగా మిగిల్చారు, మేం మా పిల్లలకు మిగల్చలేదు. అది మా తరం చేసిన తప్పు.

ఓరుగల్లు తల్లిదండ్రులకు ఒక్కటే మనవి. మీ వాడలో ఇంకా ఖాళీ జాగా ఉంటే దానికి ప్రహరీ లేవకముందే రెండు గోల్‌పోస్టులు పాతించండి. ఆదివారం పొద్దున పిల్లల్ని అక్కడికి పంపండి. బూట్లు లేకున్నా ఫరవాలేదు.