మారియో దుముకునె?: సటీకా తాత్పర్యం

మూలం

ఆ. మెడను తెగిన తీగె మీట నొక్కిన నేమి
మారియో దుముకునె మాట వినునె
యైదు రంగు లెరిగి యతికినఁ జాలురా
యింటిపోరు మాను నీ క్షణంబె

అవతారిక: అమెరికాలో 1985లో వచ్చిన నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ కంట్రోలర్ గురించిన పద్యమిది. అదే యంత్రం 1983లో జపాన్‌లో ఫామికామ్ పేరుతో వచ్చినప్పుడు కంట్రోలర్ల తీగలు పెట్టెలోనే శాశ్వతంగా బిగించి ఉండేవి. అమెరికా రూపంలో వాటికి ఊడదీసే ప్లగ్గు వచ్చింది. మెదక్ సీమకు చెందిన కొలచల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అలాంటి మాటేమీ ఇవ్వడం లేదు.

టీక: మెడను = తీగ కంట్రోలర్‌లోంచి బయటికి వచ్చే చోట; తెగిన = పైన తొడుగు బాగానే ఉండి, లోపలి రాగి పోగులు విరిగిన; మీట నొక్కిన నేమి = ఎంత గట్టిగా నొక్కినా ఏం లాభం. ఆట అయ్యాక తీగను కంట్రోలర్ చుట్టూ బిగించి చుట్టే అలవాటుకు కవి పరోక్షంగా చురక వేశాడు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. కంట్రోలర్ మీద మీటలు ఎనిమిది కదా, మూడో పాదంలో ఐదు రంగులే అంటాడేమిటి? ఎనిమిది కబుర్లు ఐదు తీగల్లో ఎలా పోతాయి?

సమాధానం 4021 అనే చిన్న చిప్‌లో ఉంది. ఐదింటిలో రెండు తీగలు కరెంటుకే పోతాయి: ఐదు వోల్టులు, గ్రౌండ్. మిగిలినవి లాచ్, క్లాక్, డేటా. లాచ్ తీగ మీద గేమ్ పెట్టె సంకేతం పంపగానే, ఆ క్షణంలో ఎనిమిది మీటలూ ఏ స్థితిలో ఉన్నాయో చిప్ పట్టేస్తుంది. ఆపైన క్లాక్ తీగ మీద ఒక్కో తట్టు పడేకొద్దీ, బడిలో హాజరు పిలిచినట్టు, ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి అనే వరుసలో ఒక్కో మీట సంగతి డేటా తీగ వెంట పెట్టెకు చేరుతుంది. చాలా ఆటల్లో ఈ హాజరు సెకనుకు 60 సార్లు. పూర్వపక్షి కూర్చోవచ్చు.

ఏ తీగ తెగిందన్నదాన్ని బట్టి రోగలక్షణం మారుతుంది. డేటా తెగితే మారియో ఉలకడు, పలకడు. ‘మాట వినునె’ అన్నది ఈ స్థితి. క్లాక్ తెగి అటునుంచి ఏ తట్టూ రాకపోతే వరుస ముందుకు సాగదు. పెట్టె ఎనిమిదిసార్లు అడిగినా చిప్ మొదటిదైన ‘ఎ’ సంగతే చెబుతుంది. అంటే ‘ఎ’ నొక్కితే ఎనిమిదీ నొక్కినట్టే లెక్క! ‘దుముకునె’ అని కవి ప్రశ్నగానే వదిలేయడం బహుశా ఇది చూశాకే.

ఐదు రంగు లెరిగి = అసలు నింటెండో తీగలో తెలుపు ఐదు వోల్టులు, గోధుమ గ్రౌండ్, ఎరుపు క్లాక్, నారింజ లాచ్, పసుపు డేటా. ఎరుపు కనిపిస్తే చాలు ప్లస్ అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ప్లగ్గుకు ఏడు రంధ్రాలుంటాయి. ఖాళీగా మిగిలిన రెండూ జాపర్ తుపాకీ వంటి ఉపకరణాల కోసం.

పాఠాంతరాలు లేకపోలేదు. 1990లలో తెలుగు ఇళ్లకు వచ్చిన ‘టీవీ గేమ్’లు చాలావరకు ఫామికామ్ నకళ్లు. వాటిలో చాలా కంట్రోలర్లకు తొమ్మిది పిన్నుల ప్లగ్గు, లోపల 4021 బదులు నల్లటి బొట్టు. సంకేతాల పద్ధతి అదే, రంగులు మాత్రం తయారుచేసినవాడి ఇష్టం. అక్కడ మల్టీమీటరు కూతే ప్రమాణం.

యతికినఁ జాలురా = ఈ మాట వ్యాఖ్యాత ఒప్పుకోడు. మెలిపెట్టి టేపు చుట్టడం అతకడం కాదు. కొత్త తీగగా ఇంటర్నెట్ ప్యాచ్ కార్డు బాగా పనికొస్తుంది. అందులో నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి, మూడు మిగులు. కానీ గోడల్లో వేసే రకం కొనకూడదు. దాని ఒంటి రాగి కడ్డీ పదేపదే వంగితే విరుగుతుంది. సన్నని పోగుల రకమే ఆటగాడి చేతికి ఆగుతుంది. పాత యూఎస్‌బీ తీగను వాడేవాళ్లు నాలుగు తీగలకు తోడు పై అల్లికను గ్రౌండ్ చేసి ఐదో లోటు తీరుస్తారు. ఛార్జింగ్‌కు మాత్రమే చేసిన కొన్నిటిలో రెండే తీగలుంటాయి, కాబట్టి కోసి చూశాకే సంతోషించాలి. పాత ప్లగ్గును చివర కొంత తీగతో సహా ఉంచుకుని, దానికి కొత్త తీగను సోల్డర్ చేస్తే సరిపోతుంది. వేడికి బిగిసే స్లీవును సోల్డరింగ్‌కు ముందే తీగకు తొడగాలి. తరవాత గుర్తొస్తే మళ్లీ ఊడదీయడమే! కంట్రోలర్ లోపల తీగను ప్లాస్టిక్ మేకుల మధ్య మెలికలు తిప్పి పెట్టే దారి ఉంది. ఆ దారిన పెట్టకపోతే లాగినప్పుడల్లా బరువంతా అతుకుల మీదే పడి మెడ మళ్లీ తెగుతుంది.

ఇంటిపోరు మాను నీ క్షణంబె = అతిశయోక్తి. సూపర్ మారియో బ్రదర్స్‌లో ఇద్దరు ఆడితే మొదటివాడి ప్రాణం పోయేదాకా రెండోవాడు చూస్తూ కూర్చోవాలి. ఆ పోరు ఏ తీగతోనూ తీరదు. కాంట్రా లాంటి ఆటలో అయితే ఇద్దరూ ఒకేసారి ఆడవచ్చు.

తాత్పర్యం కన్నా ముఖ్యమైనది ఒకటుంది. అతకడం అయ్యాక ఐదు వోల్టుల తీగకూ గ్రౌండ్‌కూ మీటరు ఆనించి చూడండి. కూసిందా, ప్లగ్గు పెట్టకండి.