సీరియల్ చూడని మనిషి

తెలుగు టీవీ సీరియల్‌ను ఒక్క ఎపిసోడ్ కూడా పోనివ్వకుండా చూసేది దాన్ని చూడనని చెప్పే మనిషే. ఇతను సాధారణంగా అరవై దాటిన మగవాడు. ఏ నీటిపారుదల శాఖలోనో, బ్యాంకులోనో, జిల్లా పరిషత్ హైస్కూల్లోనో పనిచేసి రిటైరై ఉంటాడు. "నేనివన్నీ చూడనండీ" అనేది ఇతని మొదటి మాట. "అయినా ఆ పిల్ల అలా ఇల్లు వదిలి వెళ్లాల్సింది కాదు" అనేది రెండోది. ఈ రెండు మాటలకూ పొంతన లేదని ఇంట్లో ఎవరూ ఎత్తిచూపరు. చూపితే ఉక్రోషంతో లోపలి గదిలోకి వెళ్లిపోతాడు. అప్పుడు కథలో ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుపెట్టుకునే దిక్కుండదు.

ఆనవాళ్లు

టీవీకి ఎదురుగా ఉన్న సోఫాలో ఇతను కూర్చోడు. అక్కడ కూర్చుంటే చూస్తున్నట్టు లెక్క. డైనింగ్ టేబుల్ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని కొద్దిగా ఓరగా జరుపుకుని, చేతిలో దినపత్రిక పట్టుకుని కూర్చుంటాడు. ఆ పత్రిక పొద్దున్నే కాఫీతోపాటు అయిపోయింది. సాయంత్రం మళ్లీ తెరిచేది జిల్లా పేజీ. టైటిల్ పాట వచ్చేటప్పుడు పేపర్ పైఅంచు కనుబొమల దగ్గరుంటుంది. అత్తగారు తలుపు చాటున నిలబడి రహస్యం వినే వేళకు ముక్కు మీదికి దిగుతుంది. ఇంటి పెద్దకు గుండెపోటు రాగానే ఒళ్లో పడుతుంది. ప్రకటన రాగానే మళ్లీ కనుబొమల దగ్గరికి లేస్తుంది. అరగంటలో పేజీ తిప్పిన చప్పుడు మాత్రం వినపడదు.

రెండో ఆనవాలు చెవికి సంబంధించినది. టీవీ సౌండు తగ్గించమని రోజూ గొడవ చేసేది ఇతనే. వంటింట్లో కుక్కర్ కూత పెట్టగానే "ఆ స్టవ్ కట్టెయ్, వాడేమన్నాడో వినపడి చావలేదు" అని అరిచేదీ ఇతనే.

మూడో ఆనవాలు పేర్లు పలకకపోవడం. పాత్రలన్నీ ఇతనికి "ఆ పిల్ల", "ఆ రెండోది", "ఆ పెద్దావిడ", "ఆ వెధవ". పేరు పెట్టి పిలిస్తే పరిచయం ఒప్పుకున్నట్టవుతుంది. ఏ పెళ్లికో వెళ్లి ఒకరోజు ఎపిసోడ్ తప్పిపోతే నిన్న ఏమైందని నోరు తెరిచి అడగడు. "మొన్న ఆసుపత్రిలో గొట్టాలతో ఉన్న ముసలాయన ఇవాళ పెళ్లిలో అక్షింతలు వేస్తున్నాడేమిటి, బుద్ధుందా వీళ్లకు?" అని మండిపడతాడు. భార్య సీరియల్‌ను వెనకేసుకురావడానికి నిన్నటి కథంతా చెబుతుంది. ఇతనికి కావలసింది అదే.

పూర్వీకులు

ఈ జాతి టీవీతో పుట్టింది కాదు. వారపత్రికల్లో నవలలు సీరియల్‌గా వచ్చిన రోజుల్లో, యద్దనపూడి సులోచనారాణి కథానాయకుల కారు ఏ మలుపు దగ్గర ఆగిందో తెలుసుకోవడానికి ఇల్లాళ్లు వారమంతా ఎదురుచూసేవారు. ఆ పేజీలు చింపి, దారంతో కుట్టి, బైండు చేయించుకునేవారు. ఆడవాళ్ల నవలలని చప్పరించేసిన భర్త, అదే పత్రికను పోస్ట్‌మ్యాన్ చేతి నుంచి తనే అందుకుని, భార్యకిచ్చేలోపు అరుగు మీద ఒకసారి "తిరగేసేవాడు".

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైనా, రోజువారీ సీరియల్ మన ఇళ్లలో స్థిరపడింది తొంభైల్లోనే. దూరదర్శన్‌లో మంజులా నాయుడి 'రుతురాగాలు' వచ్చింది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. మళ్లీ మంజులా నాయుడే జెమినిలో 2003 నుంచి 'చక్రవాకం', 2008 నుంచి 'మొగలిరేకులు' నడిపింది. అప్పటికి మన మనిషి ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు. ఆఫీసు నుంచి వచ్చి టీవీ ముందు నిలబడటానికి వార్తలనే సాకు ఉండేది. "ఇది అయ్యాక హెడ్‌లైన్సు చూద్దామని" అంటూ చొక్కా గుండీలు అరగంటసేపు విప్పేవాడు. ఇరవై నాలుగ్గంటల వార్తా ఛానళ్లు వచ్చి ఆ సాకును పాడుచేశాయి. పేపర్ చేతికెక్కింది అప్పుడే.

పరాకాష్ఠ

ఈ జాతికి స్వర్ణయుగం 2017 అక్టోబర్ 16న మొదలైంది. ఆ రోజు స్టార్ మాలో 'కార్తీక దీపం' ప్రారంభమైంది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మూలం. అక్కడ మొదట నాయికగా వేసిన ప్రేమి విశ్వనాథే ఇక్కడ దీప అయింది, ఇంటింటా వంటలక్క అయింది. నిరుపమ్ పరిటాల డాక్టర్ బాబు. తనకు పిల్లలు పుట్టరని నమ్మిన డాక్టర్ బాబు, భార్య గర్భవతి అని తెలియగానే అనుమానిస్తాడు. ఆమె ఇల్లు వదిలి, వంటలు చేసుకుంటూ కూతుర్ని పెంచుతుంది. కవలల్లో రెండో పిల్ల, తన కన్నబిడ్డేనని తెలియని తండ్రి దగ్గరే పెరుగుతుంది.

ఇంత దుఃఖానికీ విరుగుడు ఒక్క డీఎన్ఏ పరీక్ష అని రెండు రాష్ట్రాల్లోనూ కనిపెట్టని ఇల్లు లేదు. చూడని మనిషి మాత్రం దాన్ని తన సొంత ఆవిష్కరణగానే భావిస్తాడు. "వాడు డాక్టరే కదా, ఓ రక్తపు చుక్క తీసి పంపిస్తే పోయేదానికి!" అని కథ నడిచినన్నాళ్లూ అన్నాడు. ఎదురింటివాళ్లతో అన్నాడు, వాకింగ్ స్నేహితులతో అన్నాడు, షుగర్ పరీక్షకు వెళ్లినప్పుడు రక్తం తీసే కుర్రాడితో కూడా అన్నాడు. ఆ కుర్రాడు "మా అమ్మ కూడా అదే అంటది సార్" అన్నాడు.

2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు రాత్రి ఏడున్నరకు మొదలయ్యాయి. కార్తీక దీపం వచ్చేదీ ఏడున్నరకే. క్రికెట్ పెట్టమని ఏళ్లుగా పోరాడిన మగవాడికి రిమోట్ మీద హక్కు అడగడానికి ఇంతకంటే న్యాయమైన సందర్భం దొరకదు. చాలా ఇళ్లలో ఇతను ఆ హక్కు అడగలేదు. "పోనీలే, పాపం, మీ అమ్మ చూసుకుంటోంది" అని కొడుకు ఫోన్లో స్కోరు చూసుకున్నాడు. త్యాగమన్నారు అందరూ.

అభ్యంతరాలు

చూడని మనిషి విమర్శ నాలుగు శాఖలుగా సాగుతుంది. మొదటిది వైద్యం: కోమాలో ఉన్నవాళ్లకు లిప్‌స్టిక్ ఎవరు వేస్తారు? రెండోది చట్టం: విడాకుల కాగితం మీద సంతకం పెట్టగానే పెళ్లి రద్దయిపోతుందా, కోర్టక్కర్లేదా? మూడోది కాలం: గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదని నిబంధన ఉంది కదా, అరగంటలో మిగిలే 24 నిమిషాల్లో నిన్నటి కథ కొంత, రేపటి కథ కొంత, ఒక్కొక్కరి ముఖం మీద మూడేసి సార్లు ఉరుము చప్పుడు కొంత పోతే ఇవాళ్టి కథ ఎంత? ఈ లెక్క ఇతను పేపర్ అంచున పెన్నుతో వేసి చూపిస్తాడు.

నాలుగో శాఖ చావు. ఇక్కడ ఇతని పాండిత్యానికి తిరుగులేదు. తెర మీద శవం లేచి రెండు రోజులు కాలేదు, గుమ్మానికి మామిడి తోరణం ఉంది. మైలలో కోడలు దేవుడి గదిలో దీపం పెట్టింది. కర్మ చేయాల్సిన కొడుకు నున్నగా గడ్డం గీసుకుని తిరుగుతున్నాడు. వీటన్నిటికంటే పెద్ద తప్పు మరొకటుంది. "అందరూ ఫొటో ముందు కూర్చుని ఏడుస్తున్నారు సరే. కట్టెలు ఎవరు చెప్పారు? షామియానా ఎవరు వేయించారు? ఊరి నుంచి వచ్చినవాళ్లకు టీలెవరు పోయించారు?"

ఈ అభ్యంతరం వెనక అనుభవం ఉంది. తండ్రి పోయినప్పుడు ఇల్లంతా ఏడుస్తుంటే ఇతను కుర్చీలు లెక్కపెట్టాడు. పాల ప్యాకెట్లకు ఎంతైంది, బ్యాండువాళ్లకు ఎంతిచ్చాం, పురోహితుడికి బాకీ ఎంత అని జేబు డైరీలో రాసుకున్నాడు. పెద్దకర్మ నాటికి లెక్క రూపాయితో సహా తేలింది. ఏడవడానికి మాత్రం వేళ కుదరలేదు. కుదరని ఆ పని ఇప్పుడు వాయిదాల మీద, ఎవరెవరో ఇంటి పెద్దలు పోయినప్పుడల్లా, రాత్రి ఏడున్నరకు జరుగుతుంటుంది. పేపర్ ఆ సమయంలో అమాంతం పైకి లేస్తుంది. మనవరాలు తొంగిచూసి "తాతా, ఏడుస్తున్నావా?" అంటే శుక్లం ఆపరేషన్ చేసిన కన్ను నీరు కారుతోందంటాడు. ఆపరేషన్ అయింది ఒక కంటికే.

అసలు ప్రేక్షకురాలు

భార్య మాత్రం గోరుచిక్కుళ్లు తుంపుతూ నిబ్బరంగా చూస్తుంది. ఆమెకు పరిశ్రమ కిటుకులన్నీ తెలుసు. కన్నీళ్లు గ్లిజరిన్‌వని తెలుసు. నటీనటుల ఇంటర్వ్యూలు యూట్యూబ్‌లో మధ్యాహ్నమే చూసి ఉంటుంది. గురువారం వచ్చే టీఆర్పీల్లో ఏది పైకి పోయిందో, ఏది జారిందో చెల్లెలు ఫోన్ చేసి చెబుతుంది.

"అంత మంచి పిల్లను అన్యాయంగా చంపేశారే!" అంటాడు భర్త.

"చంపలేదండీ. డేట్లు కుదరక మానేసింది. వచ్చే వారం వేరే అమ్మాయి వస్తుంది, ప్రమాదంలో మొహం కాలి ఆపరేషన్ చేయించుకుందంటారు చూడండి" అంటుంది ఆమె, చిక్కుడుకాయ ఈనె తీస్తూ.

2022లో కార్తీక దీపం జంటను ప్రమాదంలో పోగొట్టి, పిల్లల్ని పెద్దవాళ్లను చేసి కథ నడిపినప్పుడు ఇతను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆమె "మళ్లీ తెస్తారు లెండి" అంది. కొన్ని నెలలకే తెచ్చారు. సీరియల్‌ను చూసేవాళ్లు నమ్మరు, నమ్మేవాళ్లు చూడరు అనే సూత్రం ఇక్కడే రుజువవుతుంది.

మారుపేర్ల సంభాషణ

సీరియల్ మీద ఇంట్లో వినిపించే అభిప్రాయాల్లో సగం సొంత బంధువుల గురించినవి. తెర మీది అత్తను చూసి "ఇలాంటివాళ్లు ఇళ్లలో లేకపోలేదు" అని భార్య గోడకు చెబుతుంది. "ఆ కోడలూ తక్కువదేం కాదు" అని భర్త పేపర్‌కు చెబుతాడు. ఇతని తల్లి పోయి ఇరవై ఏళ్లయింది. ఆ పేరెత్తితే ఈపాటికి ఒకరు వరండాలోకి, ఒకరు వంటింట్లోకి వెళ్లిపోయేవారు. పాత్రల మీద పెట్టి మాట్లాడటం వల్ల పాత లెక్కలు చాలావరకు ప్రకటనల విరామంలోనే, కాఫీ చల్లారకముందే పరిష్కారమవుతాయి.

ప్రేమ ఘట్టాల గురించి ఇతని అభిప్రాయం ఒక్కటే: "ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని రెండు మాటలు మాట్లాడుకుంటే తేలిపోయేదానికి ఇన్నేళ్లు సాగదీయాలా?" సాంకేతికంగా ఇది సరైన విమర్శ. సీరియల్ నడిచేది చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం మీదే. మాట మొదలవగానే ఫోన్ మోగుతుంది, లేదా గుమ్మంలో విలన్ దిగుతుంది. అయితే ఈ విమర్శ చేసే మనిషికి ఊళ్లో ఒక తమ్ముడుంటాడు. గట్టు తగాదాలో మాటలు ఆగిపోయి ఏళ్లయినా, పండక్కి ఎవరు ముందు ఫోన్ చేయాలన్నది ఇంకా తేలలేదు. భార్యకు బీపీ మాత్ర గుర్తుచేయాలన్నా "మీ అమ్మమ్మ మందు వేసుకుందో లేదో కనుక్కో" అని మనవరాలిని పంపిస్తాడు. భార్య ఉన్నది నాలుగడుగుల దూరంలో.

వలస

కొడుకు అమెరికాలో ఉంటే ఈ జాతి ఆరు నెలలకోసారి ఖండాలు దాటుతుంది. అక్కడ దిగిన మూడో రోజు ఇతను కొడుకును పక్కకు పిలిచి, "మీ అమ్మకు ఇక్కడ పొద్దుపోవట్లేదురా, ఆ సీరియల్ యాప్ ఏదో పెట్టు" అని సిఫారసు చేస్తాడు. పాస్‌వర్డ్ తన డైరీలో రాసుకుంటాడు. భార్య కోడలితో కలిసి బజారుకు వెళ్లిన సమయంలో కూడా ఆ యాప్ నడిచినట్టు అందులోనే కనిపిస్తుంది. కొడుకు అది చూసినా అడగడు.

ముగింపు దశ

సీరియల్ అయిపోయిన రోజు ఇతను "పీడ విరగడైంది" అంటాడు. కార్తీక దీపం 1,500కు పైగా ఎపిసోడ్లు నడిచి 2023 జనవరి 23న ముగిసింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఇతనికి సాయంత్రాలు ఏం చేయాలో తోచదు, సాయంత్రం వాకింగ్ పెరుగుతుంది, ఇంట్లో కరెంటు బిల్లు మీద విచారణ మొదలవుతుంది. ఈ స్థితికి మందు లేదు. ఛానల్ ఇంకో సీరియల్ మొదలుపెట్టేదాకా ఇంటిల్లిపాదీ ఓర్చుకోవాలి. ఓరగా పెట్టిన ప్లాస్టిక్ కుర్చీ కదిలించకపోవడం, ఎవరు చనిపోయినా ఇతని వైపు చూడకపోవడం మాత్రమే కుటుంబసభ్యులు చేయగలిగినవి.

2024 మార్చి 25న 'కార్తీక దీపం' రెండో భాగం 'ఇది నవవసంతం' పేరుతో, అదే జంటతో, వేరే కథతో మొదలైంది. మొదటి భాగం ఒక్క రోజైనా చూడని ఈ మనిషి, రెండోది దాని ముందు దిగదుడుపేనని వారం తిరక్కుండా తేల్చేశాడు.